కాస్టిక్ సోడాలో రాత్రంతా వద్దు

సంపాదకులకు,

అయ్యా,

పాత డై-కాస్ట్ (కరిగిన లోహాన్ని అచ్చులో పోసి చేసిన) బొమ్మ కార్లను బాగుచేసుకోవడం గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాం. ఇంత చిన్న సరదాకు పత్రికలో చోటు దొరకడం సంతోషమే. కానీ పాత రంగు వదలడానికి కారును కాస్టిక్ సోడా నీళ్లలో రాత్రంతా నానబెట్టమన్న సలహా చూసి ఊరుకోలేకపోయాం. ఆ మాట నమ్మి ఎవరైనా అరవై ఏళ్లనాటి కారును అందులో వేస్తే, తెల్లారేసరికి రంగుతో పాటు కారు కూడా కొంత పోతుంది. తప్పని చెప్పి వదిలేస్తే సరిపోదు, ఏది చేయాలో కూడా చెప్పాలి. అందుకే ఉత్తరం కాస్త పొడుగైంది.

ఈ కార్లు ఇనుముతో చేసినవి కావు. వీటిది జింక్ మిశ్రమం. అందులో సుమారు 4 శాతం అల్యూమినియం, ఇంకా కొద్దిగా రాగి, మెగ్నీషియం ఉంటాయి. దీన్ని జమాక్ అంటారు, బ్రిటన్‌లో మజాక్ అంటారు. జింక్, అల్యూమినియం రెండింటికీ ఒక గుణం ఉంది: ఆమ్లమైనా క్షారమైనా వాటిని తినేస్తుంది. కాస్టిక్ సోడా ముందు రంగును వదులుస్తుంది, ఆ తర్వాత లోహం మీద పడుతుంది. నీళ్లలో బుడగలు లేస్తుంటే అది హైడ్రోజన్, అంటే కారు కరుగుతోందని అర్థం. బయటికి తీశాక పైభాగం నల్లబడి, గరుకుగా, సన్నటి గుంటలతో ఉంటుంది. తలుపు గీతలు మొద్దుబారతాయి, గ్రిల్ అరిగినట్టవుతుంది, ముందు అద్దం పక్కనుండే సన్నటి కమ్మీలు ముట్టుకుంటే విరిగేంత పలచబడతాయి. చేయి తిరిగినవాళ్లు కొందరు కొద్ది నిమిషాలు ముంచి, పక్కనే నిలబడి చూసుకుంటూ తీసేస్తారు. రాత్రంతా నానబెట్టడం వేరే సంగతి. వినిగర్, నిమ్మరసం కూడా ఇంతే. తుప్పు పట్టిన స్టీలు ఇరుసులు నానబెట్టుకోవడానికి పనికొస్తాయి కానీ కారు బాడీని వాటి దగ్గరికి రానివ్వకూడదు.

అసలు రంగు తీయాలా అన్నది దానికన్నా ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న. మా లెక్కలో చాలా కార్లకు సమాధానం ‘అక్కర్లేదు’ అనే. ఫ్యాక్టరీలో వేసిన రంగు సగం మిగిలినా, అంచుల్లో గీసుకుపోయినా, దాన్ని అలా ఉంచడమే మేలు. ఒకసారి గీకేసిన రంగును ఎవరూ వెనక్కి తేలేరు. సేకరించేవాళ్లు కూడా కొత్తగా మెరిసే కారు కన్నా నలిగిన అసలు కారుకే ఎక్కువ విలువ ఇస్తారు. గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల గిన్నెల సబ్బు, మెత్తటి బ్రష్, చక్రాల దగ్గర దూదిపుల్ల ఉంటే చాలు, సగం కార్లు ‘బాగుపడతాయి’. కాగితపు స్టిక్కర్లు, నీళ్లతో అంటించే డెకాల్స్ (సన్నటి ముద్రిత పొరలు) ఉన్నవాటిని మాత్రం నానబెట్టకూడదు. తడి బ్రష్‌తో చుట్టూ తుడిచి వదిలేయాలి. రంగు మూడొంతులు పోయినవి, ఎవరో ఇంట్లో ఉన్న పెయింటు పూసేసినవి, ముక్కలు పోయినవి మాత్రమే పూర్తి మరమ్మతుకు తగినవి.

ఇంకో పరీక్ష కూడా ఉంది. కారును వెలుతురులో తిప్పి చూడండి. రంగు కింద సాలెగూడు లాంటి సన్నటి నెర్రెలు, ఉబ్బిన అంచులు, వంకర తిరిగిన అడుగు పలక, చక్రాల దగ్గర పొడిగా రాలే లోహం కనిపిస్తే అది జింక్ పెస్ట్. పోత పోసేటప్పుడు మిశ్రమంలో సీసం, తగరం, కాడ్మియం లాంటి మలినాలు కలిస్తే వచ్చే జబ్బు అది. సీసం 0.005 శాతం దాటకూడదని ప్రమాణం. అంత సూక్ష్మమైన పాళ్లు కూడా లోహం రేణువుల మధ్య చేరి లోపలినుంచి తినేస్తాయి. తేమ, వేడి దాన్ని తొందరపెడతాయి. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు వచ్చిన డింకీ బ్రాండు బొమ్మల్లో ఇది ఎక్కువ, 1950ల తర్వాతి వాటిలో తక్కువ. దీనికి మందు లేదు. రంగు తీసి ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) వేసినా ఆగదు. పైగా పట్టి ఉంచుతున్న రంగు పోవడంతో ముక్కలుగా విడిపోవచ్చు. ఇలాంటి కారును పొడిగా, చల్లగా ఉండే చోట పెట్టి చూసుకోవడమే. ఒక కారు నుంచి పక్క కారుకు అంటుకుంటుందని చాలామంది భయపడతారు. అంటదు. ఒకే పెట్టెలో ఉన్న పది కార్లకు వచ్చిందంటే పదింటిలోనూ మలినం ఉందనుకోవాలి, లేదా ఆ పెట్టెలో తేమ ఉందనుకోవాలి.

ఇక విప్పడం. ఈ పనిలో ఎక్కువ కార్లు చెడేది రంగు దగ్గర కాదు, డ్రిల్లు దగ్గరే. అడుగు పలకను బాడీకి పట్టి ఉంచేవి రెండు రివెట్లు. విడిగా కొట్టినవి కావు, బాడీ లోపలి పిన్నులే కిందికి వచ్చి తల నొక్కి ఉంటాయి. వాటి తల మాత్రమే తీయాలి, పిన్నును కాపాడాలి. ముందు తల నడిమధ్యన సెంటర్ పంచ్‌తో చిన్న గుంట పెట్టండి. పంచ్ లేకుండా డ్రిల్లు పెడితే బిట్ జారి అడుగు పలక మీద అక్షరాల్ని గీసుకుంటూ పోతుంది. తర్వాత 1.6 మి.మీ. బిట్‌తో 5, 6 మి.మీ. లోతు రంధ్రం. బిట్‌కు అంత లోతు దగ్గర టేపు చుట్టుకోండి, లేకపోతే బానెట్ మీదనుంచి బయటికొస్తుంది. వేగం తక్కువగా ఉండాలి. జింక్ మెత్తన, రజను బిట్‌కు పట్టుకుంటుంది కాబట్టి రెండు మి.మీ.కొకసారి బయటికి తీసి తుడవాలి. అప్పుడు తల కన్నా కొంచెం చిన్నదైన 3.5 లేదా 4 మి.మీ. బిట్‌ను చేత్తో తిప్పుతూ తల అంచును కోయాలి. కరెంటు డ్రిల్లుతో ఈ రెండో పని చేస్తే ఒక్క క్షణంలో పిన్ను మొత్తం పోతుంది. అంచు వదులయ్యాక పలక తనంతట తానే లేస్తుంది. స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తితే వంగుతుంది, వంగిన సన్న పలక మళ్లీ సమంగా కూర్చోదు.

రంధ్రం ముందే చిన్నది వేయమన్నది ఎందుకంటే, అదే రంధ్రంలో మర వేసి మళ్లీ బిగించుకోవచ్చు. 1.6 మి.మీ. రంధ్రానికి, 2 మి.మీ. స్క్రూకు మర కోసే ఎం2 ట్యాప్ సరిపోతుంది. పెద్ద కార్ల లావు పిన్నులకైతే 2.05 మి.మీ. రంధ్రం, ఎం2.5 ట్యాప్. ఒక చుక్క నూనె వేసి, అరచుట్టు ముందుకు, పావుచుట్టు వెనక్కి తిప్పుతూ పోవాలి. వెనక్కి తిప్పకపోతే రజను ఇరుక్కుని ట్యాప్ లోపలే విరుగుతుంది. విరిగిన ట్యాప్ జింక్ కన్నా చాలా గట్టిది, దాన్ని డ్రిల్లుతో తీయబోతే పిన్ను చీలుతుంది. 4 లేదా 5 మి.మీ. పొడవున్న స్క్రూ చాలు. ఆఖర్న బిగించేటప్పుడు వేలితో తగిలేంతవరకే. స్క్రూ వదులవకుండా వాడే థ్రెడ్‌లాకర్ ద్రావకాలు వద్దు, పక్కనున్న ప్లాస్టిక్ అద్దాలను, సీట్లను అవి నెర్రెలిచ్చేలా చేస్తాయి.

విప్పే ప్రతి దశలో ఒక ఫొటో తీసుకోండి. అద్దం ముందా, సీటు ముందా, స్ప్రింగ్ ఎటువైపు వంగి ఉంది అన్నవి వారం తర్వాత ఎవరికీ గుర్తుండవు. ప్లాస్టిక్, రబ్బరు భాగాలన్నీ బయటికొచ్చాకే రంగు తీసే పని. ఆవిరి తగిలినా పాత ప్లాస్టిక్ అద్దం తెల్లబడుతుంది. ఇరుసులు చాలావాటిలో ఒక చివర గుండుగా, ఇంకో చివర నొక్కినట్టుగా ఉంటాయి. నొక్కిన చివరను ఆకురాయితో అరగదీసి చక్రాన్ని లాగాలి, పట్టకారుతో మెలి తిప్పకూడదు.

రంగు తీయడానికి మేం చెప్పేది జెల్ రూపంలో ఉండే పెయింట్ రిమూవర్. డైక్లోరోమీథేన్ లేనిది తీసుకోండి. ఆ రసాయనం ఊపిరికి, గుండెకు ప్రమాదమని అమెరికాలో ఇళ్లలో వాడే రిమూవర్లలో దాన్ని 2019లోనే నిషేధించారు. అది లేని రకాలు నెమ్మదిగా పనిచేస్తాయి, అరగంట నుంచి కొన్ని గంటలు పట్టవచ్చు. బాడీకి మందంగా పూసి, మూతున్న గాజు సీసాలో పెడితే జెల్ ఆరిపోకుండా ఉంటుంది. రంగు ముడతలు పడ్డాక నైలాన్ బ్రష్‌తో తోమాలి. పాతకాలం కార్లకు ఫ్యాక్టరీలో పొయ్యిలో కాల్చి గట్టిపరిచిన ఎనామెల్ వేసేవారు కాబట్టి మొదటిసారి మొత్తం రాదు. మళ్లీ పూయండి, గీకకండి. అసిటోన్ కొత్త కార్ల రంగుల మీద బాగా పనిచేస్తుంది, కాల్చిన ఎనామెల్ మీద అంతగా పనిచేయదు. స్టీలు పీచు, స్టీలు బ్రష్ అసలు వాడొద్దు. వాటి సన్నటి తునకలు మెత్తటి జింక్‌లో దిగబడి, కొన్నాళ్లకు కొత్త రంగు కింద తుప్పు చుక్కలుగా లేస్తాయి.

రంగు వదిలాక సబ్బునీళ్లతో కడిగి, వెంటనే ఆరబెట్టాలి. తడి జింక్ మీద తెల్లటి బూడిద లాంటి పొర పుడుతుంది, దాని మీద ఏ రంగూ నిలవదు. ఆ రోజే ప్రైమర్ వేయగలిగినప్పుడే రంగు తీసే పని మొదలుపెట్టడం తెలివైన పద్ధతి.

విరిగిన కమ్మీలకు టంకం పనికిరాదు. మామూలు టంకం జింక్‌కు సరిగా పట్టదు, గట్టిగా వేడిచేస్తే కారే కుంగిపోతుంది. ఈ మిశ్రమం దాదాపు 385 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. రెండు విరుపుల్లోనూ 0.6 మి.మీ. రంధ్రం వేసి, 0.5 మి.మీ. ఇత్తడి తీగ ముక్కను లోపలికి దించి, నెమ్మదిగా గట్టిపడే రకం ఎపాక్సీతో అతికించండి. 24 గంటలు కదపకూడదు. అయిదు నిమిషాల ఎపాక్సీ తొందరగా పట్టినట్టు కనిపిస్తుంది కానీ రాపిడికి ఆగదు. గుంటలకు రెండు భాగాలు కలిపే ఎపాక్సీ లప్పం పెట్టి, 600 నంబరు వాటర్ పేపర్ అనే గరుకు కాగితంతో తడిపి రుద్ది, 1000తో నునుపు చేయాలి. అచ్చు రెండు ముక్కలు కలిసిన చోట ఉండే సన్నటి గీతను కొందరు పూర్తిగా అరగదీస్తారు. కారు చక్కగా కనిపిస్తుంది, నిజమే, కానీ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కారు అలా ఉండదు. ఆ గీతను వదిలేయడమే మాకు ఇష్టం.

ఇప్పుడు రంగు. జింక్ మీద మామూలు ఎనామెల్ నేరుగా వేస్తే కొన్ని నెలల్లో పెచ్చులుగా లేస్తుంది. నూనె ఆధారంగా చేసిన రంగులోని ఆమ్లాలు జింక్‌తో కలిసి సబ్బు లాంటి పొరగా మారి, రంగుకూ లోహానికీ మధ్య పట్టు పోతుంది. అందుకే ముందు, లోహాన్ని కాస్త కొరికి పట్టుకునే ఎచ్ ప్రైమర్ పలచగా, లోహం లీలగా కనిపించేంతగా ఒక్క పూత, దాని మీద మామూలు ప్రైమర్. ఎరుపు, పసుపు రంగుల కింద తెల్ల ప్రైమర్, ముదురు రంగుల కింద బూడిద రంగుది. బూడిద మీద పసుపు వేస్తే ఎన్ని పూతలేసినా ఆకుపచ్చగా, మాసినట్టు కనిపిస్తుంది.

స్ప్రే డబ్బాను వేడినీళ్లలో కాకుండా గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు ఉంచితే తుంపర సన్నగా వస్తుంది. 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరం, కారు బయట మొదలుపెట్టి బయటే ఆపడం, పది పదిహేను నిమిషాల విరామంతో మూడు పలచటి పూతలు. దగ్గరగా కొడితే కారుతుంది, మరీ దూరంగా కొడితే తుంపర గాల్లోనే ఆరి ఇసుకలా పడుతుంది. ఇది 64వ వంతుకు కుదించిన కారు. అసలు కారు మీద కనపడని మందం ఇక్కడ తలుపు గీతలను పూడ్చేస్తుంది. గాలిలో తేమ బాగా ఉన్న రోజున, త్వరగా ఆరే లాకర్ రకం రంగు తెల్లటి మసక పడుతుంది. ఆ రోజు ఇంకేదైనా పని చూసుకోవాలి. సరిగ్గా ఆరని ఎనామెల్ మీద లాకర్ కొడితే కింది పొర ముడతలు పడుతుంది, మళ్లీ మొదటికే. ఆరిందో లేదో తేల్చడానికి గోరు పెట్టక్కర్లేదు. ముక్కు దగ్గర పెట్టుకోండి, వాసన వస్తోందంటే ఇంకా ఆరలేదు.

రంగు పొక్కులు పడిందని ఫిర్యాదు చేసేవాళ్లు చాలామంది దుమ్మును, జిడ్డును అనుమానిస్తారు. అసలు కారణం తరచుగా పోతలోనే ఉంటుంది. పోత పోసేటప్పుడు లోహంలో సన్నటి గాలి బుడగలు చిక్కుకుంటాయి. రంగును వేడితో ఆరబెడితే ఆ గాలి వ్యాకోచించి పొరను పైకి తోస్తుంది. ప్రైమర్ వేయకముందే ఖాళీ బాడీని, తర్వాత వాడబోయే వేడి కన్నా ఓ పది డిగ్రీలు ఎక్కువలో అరగంట ఉంచి చల్లార్చితే ఈ బెడద చాలావరకు తప్పుతుంది. రంగు ఆరబెట్టడానికి 50, 60 డిగ్రీలు చాలు. వంట చేసే ఓవెన్‌లో మాత్రం వద్దు.

1968లో వచ్చిన తొలి హాట్ వీల్స్ కార్ల సంగతి వేరు. వాటి స్పెక్ట్రాఫ్లేమ్ రంగు పారదర్శకమైనది, కింది లోహం మెరుపే పైకి కనిపిస్తుంది. అక్కడ ప్రైమర్ వేస్తే అంతా పోయినట్టే. 1000, 1500, 2000 నంబర్ల కాగితాలతో రుద్ది, మెటల్ పాలిష్‌తో అద్దంలా చేసి, పాలిష్ జిడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, చేతులకు తొడుగులతో పట్టుకుని వెంటనే పారదర్శక రంగు వేయాలి. వేలిముద్ర పడితే అది రంగు కింద శాశ్వతంగా ఉండిపోతుంది. ప్రైమర్ లేదు కాబట్టి ఈ రంగు అంత గట్టిగా పట్టదు, అంచుల్లో త్వరగా పోతుంది. ఫ్యాక్టరీ రంగు కూడా అంచుల్లో అలాగే పోయింది మరి.

అద్దాల మీద గీతలుంటే 1500తో మొదలుపెట్టి 3000 దాకా తడిగా రుద్ది, ప్లాస్టిక్ పాలిష్ పెట్టండి. పగులు పోదు. అద్దాన్ని సూపర్ గ్లూతో అతికిస్తే దాని ఆవిరికి చుట్టూ తెల్లటి పొగ పట్టినట్టవుతుంది. తెల్లగా ఉండి ఆరాక పారదర్శకమయ్యే పీవీఏ జిగురే దానికి సరైనది. వెండిలా మెరిసే పూత ఉన్న ప్లాస్టిక్ బంపర్లను రిమూవర్‌లో, బ్లీచింగ్ నీళ్లలో వేయకండి, పూత మొత్తం పోతుంది.

చక్రాలు మార్చాల్సి వస్తే కాలం చూసుకోండి. 1953లో మొదలైన మ్యాచ్‌బాక్స్ బ్రాండు 1-75 వరుసలో (1 నుంచి 75 దాకా నంబర్లున్న కార్లు) ముందు లోహపు చక్రాలు, తర్వాత బూడిద రంగు ప్లాస్టిక్‌వి, ఆ తర్వాత నల్ల ప్లాస్టిక్‌వి వచ్చాయి. సన్నటి ఇరుసుతో వేగంగా దొర్లే సూపర్‌ఫాస్ట్ చక్రాలు 1969 నుంచి. తొలినాళ్ల కారుకు సూపర్‌ఫాస్ట్ చక్రాలు తొడిగితే చక్కగా పరుగెత్తుతుంది కానీ తెలిసినవాళ్లకు నవ్వొస్తుంది. మెత్తటి వినైల్ టైర్లు ఇంకో తలనొప్పి. వాటిని మెత్తగా ఉంచే రసాయనం కాలంతో బయటికొచ్చి, ఆనుకుని ఉన్న ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. ప్లాస్టిక్ డబ్బాలో చక్రాలు నేలకు తగిలేలా ఏళ్లతరబడి పెడితే డబ్బాకు అంటుకుపోయేది అందుకే.

డెకాల్స్ నిగనిగలాడే పూత మీదే అంటించాలి. గరుకు రంగు మీద అంటిస్తే కింద గాలి చిక్కుకుని వెండి మెరుపులా కనపడుతుంది. ఇంట్లో ఇంక్‌జెట్‌తో ముద్రించుకుంటే నీళ్లలో వేయకముందు పైన క్లియర్ పూత తప్పనిసరి, లేకపోతే సిరా కరిగి పోతుంది. ఆ ప్రింటర్లు తెల్ల రంగు ముద్రించలేవు. తెల్ల అక్షరాలు కావాలంటే తెల్ల డెకాల్ కాగితం తీసుకుని చుట్టూ ఉన్న రంగునే ముద్రించాలి.

వ్యాసంలో సీసం మాటే లేకపోవడం రెండో పెద్ద లోపం. పాత బొమ్మల రంగుల్లో సీసం ఉండేది. అమెరికాలో బొమ్మల రంగుల్లో సీసాన్ని 1978లో 0.06 శాతానికి, 2009లో 0.009 శాతానికి పరిమితం చేశారు. అంతకుముందువి ఏవైనా అనుమానించాల్సినవే. పొడిగా రుద్దితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది, అందుకే ఎప్పుడూ తడిపి రుద్దాలి. రిమూవర్‌తో వచ్చిన మడ్డిని కాలువలో పోయకుండా డబ్బాలో వేసి, ప్రమాదకర వ్యర్థాలతో పాటు ఇవ్వాలి. పని అయ్యేదాకా చేతులు నోటి దగ్గరికి పోకూడదు. అసలు రంగు మిగిలిన పాత కార్లను పసిపిల్లల చేతికి ఇవ్వొద్దు, వాళ్లు ముందు నోట్లోనే పెట్టుకుంటారు.

చివరగా, కొత్త రంగు వేసిన కారును అసలుదిగా చెలామణీ చేసే అలవాటు గురించి. సేకరణకర్తల భాషలో ఫ్యాక్టరీ నుంచి వచ్చినది కోడ్ 1, తయారీదారు అనుమతితో వేరొకరు మార్చినది కోడ్ 2, ఎవరి అనుమతీ లేకుండా మార్చినది కోడ్ 3. మనం ఇంట్లో బాగుచేసినవన్నీ కోడ్ 3యే, అందులో చిన్నతనం ఏమీ లేదు. మామూలు రంగు కారును అరుదైన రంగులోకి మార్చి అమ్మడమే మోసం. ఫ్యాక్టరీలో ముందు రంగు, తర్వాత రివెట్ నొక్కడం, కాబట్టి అసలు కారు రివెట్ తల మీద రంగు ఉండదు. దాని మీద, ఇరుసు మీద తుంపర కనపడితే, లేదా రివెట్ చోట స్క్రూ ఉంటే, కొనేవాళ్లు ఆగి అడగాలి. బాగుచేసేవాళ్లు బిగించే ముందు అడుగు పలక లోపలివైపు సూదితో ‘కొత్త రంగు’ అని, సంవత్సరం, మార్చిన భాగాల పేర్లు గీయాలి. సిరాతో రాస్తే పోతుంది. బయటికి ఏమీ కనిపించదు, రెండు స్క్రూలు విప్పితే ఎవరికైనా తెలుస్తుంది.

ఇట్లు,
బొమ్మ కార్లు బాగుచేసే కొందరు పాఠకులు